మిద్దె మీద కండబలం

నేను మోసం చేశానని మా వీధివాళ్లు అంటున్నారు. మోసం పెద్ద మాట. నేను చేసింది చిన్న సర్దుబాటు. సంగతంతా విన్నాక మీరే తీర్పు చెప్పండి. చెప్పేముందు మీరూ పూటపూటా తినేవాళ్లేనని మాత్రం మరిచిపోకండి.

నా పేరు ఉమాపతి. మదనపల్లె టమోటా మండీలో వేలం పాడతాను. ఊళ్లో నన్ను అరుపుల ఉమాపతి అంటారు. బాక్సులు కూలీలు దించుతారు, కాయ రైతు తెస్తాడు, ధర వ్యాపారి పెంచుతాడు, పద్దు గుమాస్తా రాస్తాడు. నేను ఒక వేలు పైకెత్తి అరుస్తాను. నోరూ ఆ వేలూ తప్ప నా ఒంట్లో ఇంకే భాగానికీ ఉద్యోగంతో సంబంధం లేదు.

మా ఆవిడ రేవతి. పుట్టిల్లు కుప్పం. కొన్నేళ్ల కిందట ఆమెకు మయోసైటిస్ వచ్చింది. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే ఎదురు తిరిగి సొంత కండరాల మీద పడి కొట్టే జబ్బట. మొదట్లో మాకు తెలియలేదు. జడ వేసుకుంటుంటే ఆమె చేతులు సగంలోనే దిగిపోయేవి. అన్నం పళ్లెం నా ముందు దబ్బుమని పెట్టేది. నామీద కోపం అనుకుని ఒక నెలంతా బుద్ధిగా ఉన్నాను. ఆ నెల మా కాపురంలో చాలా ప్రశాంతమైన నెల అని రేవతి ఇప్పటికీ చెబుతుంది.

తర్వాత కుర్చీలోంచి లేవలేకపోయింది. మెట్టు ఎక్కలేకపోయింది. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాక ముఖం ఉబ్బి, తనను తాను చూసుకోలేక అద్దం మీద తువ్వాలు కప్పింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. అరిచి బతికే మనిషిని, ఆ రోజుల్లో ఇంట్లో గొంతు పెగిలేది కాదు.

డాక్టర్ జాహ్నవి బెంగళూరు నుంచి నెలకోసారి మదనపల్లె వస్తారు. ఆవిడ వైద్యంతో జబ్బు అణిగింది. అణిగిన జబ్బు ఎప్పుడైనా మళ్లీ రేగవచ్చని, రేగకముందే పసిగట్టాలని చెప్పి ఆవిడ మా ఇద్దరి ఫోన్లలోనూ ఒక యాప్ వేయించారు. దాని పేరు కండబలం. రేవతి ఫోన్‌లో ఆమె రోగి. నా ఫోన్‌లో నేను సహాయకుడు. సహాయకుడంటే ఏం చేయాలో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. అందువల్ల మొదట్లో ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

ఆ యాప్‌లో ఒక ఆడగొంతు ఉంటుంది. ఫోన్ చేత్తో పట్టుకుని చెయ్యి తలపైకి ఎత్తమంటుంది. గంట మోగేదాకా దించవద్దంటుంది. తర్వాత ఫోన్ జేబులోనో కొంగు ముడిలోనో పెట్టుకుని, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోమంటుంది. అంతా అయ్యాక పచ్చ ముఖమో, పసుపు ముఖమో, ఎర్ర ముఖమో చూపిస్తుంది. రేవతి రోజూ పొద్దున్నే చేసేది. కొన్ని వారాలుగా పచ్చ ముఖమే.

ఏప్రిల్ నెలలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు రేవతి ఆ మాట అడిగింది.

"మేడమ్, వచ్చే నెల మా కుప్పంలో గంగమ్మ జాతర. పిండిదీపాల పళ్లెం నెత్తిన పెట్టుకోని గుడి దాకా నడవాల. పోవచ్చునా?"

"పళ్లెం రెండు చేతులతో పట్టుకోవాలా?"

"అవు మేడమ్. దించకూడదు. జబ్బొచ్చినప్పట్నించి మా మరదలే నా బదులు ఎత్తుకుంటాండాది. ఈసారి నా చేతుల్తో నేనే ఎత్తుకోవాల."

డాక్టరమ్మ రేవతి భుజాలు నొక్కి చూశారు. "జాతర దాకా పచ్చగా ఉంటే వెళ్లండి. ఎరుపు వస్తే మాత్రం ప్రయాణం వద్దు. రక్తపరీక్ష చేసి, అవసరమైతే మాత్ర పెంచాలి."

రేవతి ముఖం వెలిగింది. ఇంటికి వచ్చేదాకా ఆటోలో చెయ్యి పైకెత్తి కడ్డీ పట్టుకునే కూర్చుంది, అవసరం లేకపోయినా.

ఇంట్లో అడుగు పెట్టాక నేను మెల్లగా కదిలించాను.

"జాతరంటే ఎన్నాళ్లు పోతావు?"

"సాటింపు నించి అమ్మను సాగనంపే దాకా."

"అంటే ఎన్నాళ్లు?"

"నీ మండీ లెక్కలు గంగమ్మ దగ్గర జెప్పొద్దు. ఆ యమ్మ ఎన్నాళ్లుంటే అన్నాళ్లు."

"మరి నాకు సంగటి?"

"మండీ పక్కన మెస్సుండాది గదా."

"మెస్సు సంగటి రాయి మాదిరి ఉంటాది."

"పోయిన వారం నా సంగటిని గూడా అదే మాటన్నావు. అలవాటైన రుచే, తిను."

ఆ రాత్రి నాకు తిండి సయించలేదు. మే నెల అంటే మా మండీకి టమోటా ముంచెత్తే కాలం. తెల్లారకముందే మొదలైన అరుపు మధ్యాహ్నానికి గానీ ఆగదు. ఇంటికొచ్చేసరికి వేడివేడి రాగి సంగటి, నంజుకోవడానికి ఊరిబిండి లేకపోతే మనిషి ఎందుకు బతకాలి? పైగా ఆ ఎండలో, ఆ జనంలో నడిస్తే రేవతికి జబ్బు రేగదా? రేగుతుందనే భయం నాకు ఉంది. సగం నిజంగానే ఉంది. మిగతా సగం సంగటి. ఏ సగం పెద్దదని అడగకండి.

అప్పుడు నాకు సహాయకుడి ఫోన్ గుర్తొచ్చింది. అందులోనూ కండబలం ఉంది, అందులోనూ ఆడగొంతు ఉంది, అందులోనూ ఎర్ర ముఖం ఉంది.

ఇక్కడ మీరు మండీ పద్ధతి అర్థం చేసుకోవాలి. వేలంలో ఎంతమంది ఎన్ని పాటలు పాడినా, చివరి పాటే ఖాయం. పొద్దున రేవతి ఒక పరీక్ష చేస్తుంది, పచ్చ. సాయంత్రం నేను నా ఫోన్ నుంచి ఇంకో పరీక్ష పంపిస్తే అదే చివరి పాట. అదే ఖాయం అవుతుంది. ఆమె ఒళ్లు కాదు కదా అంటారేమో. లాటులో ఒక బాక్సు తీసి చూసి లాటంతటికీ ధర కడతాం మేము. మొగుడూ పెళ్లాం ఒకే లాటు కాకపోతే ఆ తాళిబొట్టు దేనికి?

మర్నాడు సాయంత్రం గాలికని చెప్పి మిద్దెక్కాను. ఫోన్ శబ్దం నాకు వినబడేంత మాత్రమే పెట్టుకున్నాను. మండీలో ఇన్నేళ్లు అరిచిన వాడికి వినబడేంత అంటే ఎంత ఉంటుందో ఆ క్షణంలో నాకు తట్టలేదు.

"దయచేసి మీ కుడిచేతిని తలపైకి ఎత్తండి" అంది ఆడగొంతు. నేను భుజం దాకా ఎత్తి, నీరసంగా మూలిగి, దించేశాను. "పరవాలేదు, మళ్లీ ప్రయత్నించండి" అంది. ఇన్నేళ్ల కాపురంలో ఒక ఆడమనిషి నాతో పరవాలేదు అనడం అదే మొదటిసారి. ఆ మర్యాదకు కరిగిపోకుండా మళ్లీ దించేశాను. పసుపు ముఖం వచ్చింది. మరుసటి రోజు ఇంకాస్త నీరసం కలిపాను. ఎరుపు వచ్చేసింది.

కిందికి దిగి, ముఖం వేలాడేసుకుని, రేవతికి ఫోన్ చూపించాను.

"ఏమే, యాప్ ఎరుపు సూపిస్తాండాది. నాకు భయంగా ఉండాది."

ఆమె వాదిస్తుందని, పొద్దున పచ్చ వచ్చిందే అని లాగుతుందని సిద్ధంగా ఉన్నాను. రేవతి ఫోన్ వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్లీ ఫోన్ వైపు చూసింది.

"అట్లనా. నాకేమో బాగానే ఉన్నట్టుండాది. ఒళ్లు నాకేం తెలుస్తాది, యాప్‌కు తెలుస్తాది గానీ. ఎరుపంటే పడుకోవల్ల గదా?"

"అవును, పడుకోవాల."

"అయితే పడుకుంటా" అని మంచమెక్కింది.

అప్పుడే నా ఫోన్ గణగణ మోగింది. సహాయకులకు సూచనలట. రోగిని బరువులు ఎత్తనివ్వవద్దు, నీళ్లు మోయనివ్వవద్దు, వంట, ఇల్లు ఊడ్చడం వంటి పనులు సహాయకులే చేయాలి. సహాయకుడంటే ఏం చేయాలో అప్పుడు తెలిసింది.

మీలో ఎవరైనా సంగటి కెలికారా? కెలకనివాళ్లు నా మీద తీర్పు చెప్పడానికి పనికిరారు. నూకలు ఉడికాక రాగిపిండి వేసి, కుండను రెండు పాదాల మధ్య ఇరికించి, కట్టెతో తిప్పాలి. కట్టె తిరగదు. మనమే దాని చుట్టూ తిరుగుతాం. మంచం మీద నుంచి రేవతి వేలం పాట మొదలుపెట్టింది.

"గడ్డలు గడ్డలుగా ఉండాది. ఇంకా కెలుకు."

"కెలుకుతానే ఉండా."

"ఆ ఒక్క చెయ్యితో కాదు, రెండు చేతుల్తో. ఇంకా. ఇంకా. ఆపొద్దు, ఆపితే అడుగంటుతాది."

"నువ్వు పడుకోని ఉండావు గదా, ఎట్ల తెలస్తాండాది?"

"చప్పుడుకు తెలస్తాది. కెలుకు."

ఆ పూట సంగటి ముద్దను రేవతి ఒక వైపు నుంచి తిని, గడ్డలన్నీ ఏరి నా పళ్లెంలో పెట్టింది. నేను నోరెత్తలేదు. ఎత్తితే మెస్సు మాట వస్తుంది.

రెండు రోజుల్లో నా చేతులు నిజంగానే భుజం దాటి లేవడం మానేశాయి. అప్పుడు నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. పుంగనూరులో మా అక్క పాపమ్మ ఉంది. పుంగనూరు ఆవులాగా మనిషి పొట్టి, మాట మాత్రం నిడివి. ఊళ్లో ఆమెను కలెక్టరమ్మ అంటారు. తమ్ముడి పెళ్లానికి బాగాలేదంటే వచ్చి వంట చూసుకుంటుంది కదా అని ఫోన్ చేసి, గొంతు జీరగా పెట్టి, రేవతికి జబ్బు రేగిందని చెప్పాను.

మధ్యాహ్నం బస్సుకే దిగింది అక్క. చేతిలో రొట్టె, కమలాపండ్లు. నేరుగా రేవతి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. అక్క తలతిప్పి నావైపు చూసిన చూపులో జాలి కనిపించింది. కొన్ని రోజుల తర్వాత తెలిసింది, అది జాలి కాదని.

"అక్కా, పొయ్యి కాడికి వస్తావా? పిండి అన్నీ తీసిపెట్టినా."

"పొయ్యి కాడికా? యాలరా?"

"వంట..."

"ఒరే ఉమా, నేను పలకరించేదానికొచ్చినా. పలకరించేదానికొచ్చిన మనిషితో సంగటి కెలికించుకుంటారా యాడన్నా? పుంగనూరులో నలుగురు వింటే నీ మొగం మీద ఉమ్ముతారు."

మా వైపు పద్ధతి అది. పలకరింపుకు వచ్చినవాళ్లు చుట్టాలు. వాళ్లకు మనమే పెట్టాలి. తరతరాలుగా వస్తున్న ఆ మర్యాద నాకు ఆ రోజే మొదటిసారి తప్పుగా తోచింది.

"ఎన్నాళ్లుంటావక్కా?"

"పిల్ల లేచి తిరిగేదాకా. పోనీ, నాకు రెండు ముద్దలు సాలు. కొంచెం మెత్తగా కెలుకు, పండ్లు కదలతాండాయి."

ఇద్దరికి కెలికే చెయ్యి ముగ్గురికి కెలికింది. అక్క కుర్చీలోంచి లేవకుండానే ఇల్లంతా పాలించింది. ఆ మూల ఊడువు, ఈ బిందె నింపు, పిల్లకు కాళ్ల కింద దిండు పెట్టు. రేవతి దిండు మీద కాళ్లు పెట్టుకుని, కమలాపండు తొనలు ఒలుచుకుంటూ, "పాపం వదినా, మీ తమ్ముడికి నేనంటే ఎంత ప్రేమో" అంటూ ఉండేది.

అయినా నేను సాయంత్రాలు మిద్దె మానలేదు. పాట మొదలుపెట్టాక మధ్యలో దిగే అలవాటు మాకు లేదు.

ఇంతలో కుప్పం నుంచి మా బావమరిది మునికుమార్ ఫోన్ చేశాడు. గ్రానైట్ పాలిష్ యూనిట్లో పని చేస్తాడు. మాట కూడా రాయిని కోసినట్టు నేరుగా ఉంటుంది.

"బావా, అక్కకు తిరగబెట్టిందంట గదా."

"అవును మునీ. ఈసారి జాతరకు రాలేకపోతాదేమో."

"సరే. అక్క రాకపోతే మేమే వస్తాండాము. అమ్మ, నేను, మా యావిడ, పిల్లకాయలు. అక్క లేచేదాకా అమ్మ ఆడనే ఉంటాది."

"ఆడనే అంటే?"

"మీ ఇంట్లో బావా. ఇంగ యాడుంటాది? అమ్మకు పొద్దన, సాయంత్రం రెండు పూటలా సంగటే. మెస్సు తిండి పడదు."

ఫోన్ పెట్టేశాక గోడకు ఆనుకున్నాను. గోడ కూడా నా బరువు మోయడానికి ఇష్టపడనట్టనిపించింది.

అసలు దెబ్బ ఆ సాయంత్రం తగిలింది. డాక్టరమ్మే స్వయంగా ఫోన్ చేశారు.

"ఉమాపతి గారూ, మీ ఫోన్ నుంచి వస్తున్న లెక్కలు చూస్తున్నాను. అస్సలు బాగాలేవు. గురువారం మదనపల్లె వస్తున్నాను. ఇద్దరూ రండి. ఏం చేయాలో మాట్లాడదాం."

మాత్ర పెంచుతారు. ఆ మాట ఆవిడ అనలేదు, నాకు వినబడింది. తువ్వాలు కప్పిన అద్దం కళ్ల ముందుకొచ్చింది. అంతదాకా అదంతా నాకు సంగటి గొడవే. ఒక్కసారిగా రేవతి ముఖం గొడవ అయిపోయింది. గంగమ్మ దగ్గరికి ఆమెను పోనివ్వకపోవడమే కాదు, నా తిండి కోసం ఆమెకు అక్కర్లేని మందు మింగించబోతున్నాను. 

సరే, పాట తిప్పాలి. గురువారం లోపల పచ్చ తెప్పించాలి. దొంగ నీరసం మానేసి, నిజమైన బలంతో పరీక్ష ఇస్తే పచ్చే కదా వస్తుంది. మిద్దెక్కాను. చొక్కా చేతులు మడిచాను.

"దయచేసి మీ కుడిచేతిని తలపైకి ఎత్తండి."

ఎత్తాను. పూర్తిగా, నిటారుగా, మగాడిలా. గంట మోగలేదు. ఇంకా మోగలేదు. చెయ్యి వణకడం మొదలుపెట్టింది. రెండో చేత్తో మోచేతిని పట్టుకుని నిలబెట్టాను. "దయచేసి రెండో చేతి సాయం తీసుకోకండి" అంది. దానికి ఎలా కనబడిందో ఇప్పటికీ నాకు తెలియదు. గంట మోగేలోపు చెయ్యి దానంతట అదే కిందికి వచ్చేసింది.

సరే, కుర్చీ ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవబోయాను. లేవలేదు. ముందుకు వంగి ఊపు తీసుకుని మళ్లీ లేవబోయాను. ఈసారి లేచాను. కుర్చీ కూడా నాతోపాటే లేచింది. నడుముకు ఇరుక్కున్న కుర్చీతో మిద్దె మీద గిరగిరా తిరుగుతుండగా "అభినందనలు, ఇప్పుడు కూర్చోండి" అంది ఆడగొంతు. ఎక్కడ కూర్చోమంటుంది?

ఫోన్ చూశాను. మామూలు ఎరుపు కాదు. ముదురెరుపు. మండీలో అయితే అలాంటి కాయను పక్కకు పారబోస్తాం.

పక్క మిద్దె మీద చింతపండు ఎండబెడుతున్న నారాయణప్ప పిట్టగోడ దగ్గరికి వచ్చాడు. రిటైరైన కండక్టరు. చేతులు చాచి నా కుర్చీని పట్టి లాగి, నన్ను వేరుచేశాడు.

"నిన్నటికంటే ఈ రోజు కుడిచెయ్యి మేలప్పా" అన్నాడు. "కుర్చీ దగ్గరే పోగొట్టుకున్నావు."

"నీకెట్ల తెలుసు?"

"వీధంతా వింటాండాము గదా. ఆయమ్మ గొంతు ఆ మూల టీకొట్టు దాకా వస్తాది. రోజూ ఆరింటికి నువ్వు చెయ్యెత్తితే మావాళ్లు పొయ్యి ఎలిగిస్తారు."

గబగబా ఫోన్ ఆపేశాను. "రేవతికి చెప్పొద్దప్పా" అని బతిమాలాను.

"నేను యాల జెప్తాను" అన్నాడు నారాయణప్ప, చింతపండు వైపు తిరిగి. అతని భుజాలు ఎందుకో ఊగుతున్నాయి.

ఇక చెప్పేయడమే దారి అనుకున్నాను. గురువారం పొద్దున పొయ్యి దగ్గర నుంచే మొదలుపెట్టాను.

"రేవతీ, ఆ ఎరుపు సంగతి..."

"ఎరుపు మాట ఎత్తొద్దయ్యా. వింటే నీరసమొస్తాది."

"అది కాదే, అసలు ఆ ఎరుపు ఎవరిదంటే..."

"దేవుడిచ్చింది. ఇంగెవరిది? కెలుకు, మాడు వాసనొస్తాండాది."

ఆటోలో మళ్లీ మొదలుపెట్టాను. "డాక్టరమ్మతో చెబుదువులే" అని బయటికి తిరిగి, చెయ్యెత్తి కడ్డీ పట్టుకుంది. రోజంతా మంచం మీద పడుకునే మనిషి కడ్డీ అంత గట్టిగా ఎలా పట్టుకుందో గమనించే స్థితిలో నేను లేను.

డాక్టరమ్మ గదిలో కూర్చున్నామో లేదో నేను లేచి నిలబడ్డాను. నిలబడటానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది.

"మేడమ్, మాత్ర పెంచొద్దండి. ఆ ఎరుపు ఈమెది కాదు. నాది. సాయంత్రాలు నేనే మిద్దె మీద చేసి పంపించాను. ఈమె బాగుంది. ఈమెను జాతరకు పోనివ్వండి." మండీ గొంతు కదా, బయట క్యూలో ఉన్నవాళ్లు కూడా విన్నారు. ఎవరో దగ్గారు.

డాక్టరమ్మ ముఖంలో ఆశ్చర్యం లేదు. కంప్యూటర్ తెర నావైపు తిప్పారు. తెర మీద రెండు గీతలు. ఒకటి పచ్చగా, తిన్నగా సాగుతోంది. ఇంకోటి ఎర్రగా, పాతాళం వైపు దిగిపోతోంది.

"పైది రేవతి గారిది. రోజూ పొద్దున ఆమె ఫోన్ నుంచి వస్తోంది. కిందిది మీది. మీరు మిద్దెక్కిన మొదటిరోజే రేవతి గారు ఫోన్ చేసి, సహాయకుడి ఫోన్ నుంచి వచ్చేదంతా సహాయకుడి ఒళ్లేనని చెప్పారు. మేము మీ పేరు మీద వేరే ఖాతా తెరిచాం."

"అంటే చివరి పాట ఖాయం కాదా మేడమ్?"

"ఏ పాట?"

రేవతి కల్పించుకుంది. "వేలం మేడమ్. ఆయప్పకు లోకమంతా మండీనే."

డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి చేతులు, కాళ్లు ఎత్తించి, నొక్కి, లాగి చూశారు. రక్తపరీక్ష కూడా చేయించారు. ఫలితం వచ్చేదాకా నేను వరండాలో అటూ ఇటూ తిరిగాను. జబ్బుతో ఆట ఆడితే అది నిజంగా అంటుకుంటుందేమోనని తోచింది. మొక్కుకున్నాను కూడా. ఎవరికి మొక్కాలో తెలియక కుప్పం గంగమ్మకే మొక్కాను.

ఫలితం చూసి డాక్టరమ్మ తల ఊపారు. "మీకు జబ్బేమీ లేదండీ. వాడకం లేదు. మొదట్లో మీరు కావాలని దించారేమో. మొన్నటిది మాత్రం నిజమైన ప్రయత్నమే అనుకుంటాను?"

నేను బల్ల దిగి చొక్కా గుండీలు పెట్టుకున్నాను.

"మీ వయసువాళ్లకు ఈ లెక్క మంచిది కాదు. రోజూ వ్యాయామం చేయండి. పచ్చ వచ్చేదాకా రోజూ ఒకసారి పరీక్ష చేసి పంపండి. మీకు సహాయకురాలు రేవతి గారు. ఆమె ఎదురుగా ఉంటేనే చేయాలి, లేకపోతే మీరు ఇంకెవరి చేత చేయిస్తారో."

బయటికి వచ్చాక మెట్ల మీద ఆగాను. రేవతి నాకంటే ముందు చకచకా దిగింది. నేను కమ్మీ పట్టుకుని దిగాను.

"మొదటి రోజే తెలిస్తే అప్పుడే యాల అడగలేదు?"

"పడుకోమన్నావు, పడుకున్నా. జబ్బు లేకుండా పడుకుంటే ఎంత సుఖంగా ఉంటాదో ఇన్నేళ్లకు తెలిసింది. ఇంగ సంగటి గూడా కుదురుతాండాది. నడుమ యాల ఆపేది?"

"అక్కకు గూడా తెలుసా?"

"వచ్చిన రోజే జెప్పినా. కడుపు పట్టుకోని నవ్వింది."

నేను ఏదో గొణిగాను. ఎండ, జనం, జబ్బు రేగుతుందన్న భయం, అదంతా చెప్పబోయాను. ఆమె చెయ్యి పైకెత్తి ఆపింది.

"నేను పోతానంటే నువ్వు సంగటి గురించి అడిగినావు. నీ చెయ్యి లేస్తాదా రేవతీ అని అడగలేదు."

 వేరే సంగతులన్నింటికీ ఇప్పటికీ జవాబులు ఉన్నాయి, దీనికి మాత్రం లేదు. ఆటో దాకా ఆమె చేతిసంచి నేనే మోసుకుంటూ నడిచాను.

ఆటోలో కూర్చున్నాక అసలు విషయం తట్టింది. "నువ్వు జాతరంతా కుప్పంలో ఉంటావు. నువ్వు ఎదురుగా ఉంటేనే నా పరీక్ష. మరెట్ల?"

"నువ్వు గూడా వస్తాండావు."

"మండీ?"

"గంగులయ్యతో మాట్లాడినా. పోయి రమ్మన్నాడు. నువ్వు లేకపోతే వేలం పాడేదానికి ఎవురూ దొరకరేమోనన్నా. దొరుకుతారమ్మా, చెవులకు కొంచెం విరామం గూడా దొరుకుతాది అన్నాడు."

గంగులయ్య మా మండీ యజమాని. ఇన్నేళ్లు ఆయన కోసం గొంతు చించుకున్నాను.

అక్కను పుంగనూరులో దింపి, మేం కుప్పం చేరాం. మా అత్తగారింటి వాకిట్లో రోజూ సాయంత్రం నా పరీక్ష. మునికుమార్ కుర్చీ తెచ్చి వేసేవాడు, చేతుల్లేని కుర్చీ, మళ్లీ ఇరుక్కోకుండా. మా అత్తగారు గడప మీద, పిల్లకాయలు అరుగు మీద, ఎదురింటివాళ్లు వాళ్ల వాకిట్లో. "దయచేసి మీ కుడిచేతిని తలపైకి ఎత్తండి" అని ఆడగొంతు అనగానే అందరూ నిశ్శబ్దం. చెయ్యి వణికితే పిల్లకాయలు "మామా, దించొద్దు, దించొద్దు" అని అరిచేవాళ్లు. వేలం పాడేవాడి మీద వేలం పాడడం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. "అల్లుడా, పసుపు వచ్చింది గదా, ఈ పూటకు సాలు" అని మా అత్తగారు రెండు ముద్దల సంగటి పెట్టేది. మెత్తగా, గడ్డల్లేకుండా. అది తినడానికి సిగ్గుపడ్డాను. తిన్నాను.

పిండిదీపాల రోజు వచ్చింది. పట్టుచీర కట్టుకుని, తడిసిన జుట్టు తానే దువ్వుకుని, తానే జడ వేసుకుని రేవతి వాకిట్లోకి వచ్చింది. ఆమె మరదలు పళ్లెం పట్టుకుని నిలబడింది, ఎందుకైనా మంచిదని. రేవతి ఆ పళ్లెం అందుకుని, రెండు చేతులతో నెత్తిమీదికి ఎత్తుకుంది. చేతులు ఎక్కడా ఆగలేదు. మా అత్తగారు కొంగుతో నోరు మూసుకుంది. నేను మాత్రం ముక్కు తుడుచుకున్నాను. ఎండకు ముక్కు కారుతుందని మునికుమార్‌తో చెప్పాను.

వీధి నిండా ఆడవాళ్లు, నెత్తిన దీపాలు, డప్పులు. ఎండ మాడ్చేస్తోంది. ఎండ తగిలితే ఆ జబ్బుకు మంచిది కాదని డాక్టరమ్మ చెప్పిన మాట పట్టుకుని, నేనొక నల్ల గొడుగు తెరిచి, రేవతి పక్కనే, దీపాలకు తగలకుండా, చెయ్యి చాచి పట్టుకుని నడిచాను. ఇది ఎవరూ చెప్పకుండా నేను చేసిన పని. రాసి పెట్టుకోండి.

గుడి ఇంకా కనబడలేదు. రేవతి మెడ నిటారుగా ఉంది, మోచేతులు వంగలేదు, కళ్లు ముందుకే. పెదవులు ఏదో అంటున్నాయి. అమ్మవారితో మాట్లాడుతోందేమో అనుకుని, భక్తిగా చెవి దగ్గరికి వంచాను.

"గొడుగు కిందికి దిగుతాండాది. ఎత్తు" అంది.

ఎత్తాను.